అడ్డపొగ, అమ్మ కావాలన్న ఆశ

గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఆ అమ్మాయికి ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు. అర ఎకరం తాకట్టు పెట్టి విశాఖలో ఐ.వి.ఎఫ్. చేయించుకున్నారు. ఇంజెక్షన్లన్నీ పడ్డా చేతికొచ్చినవి మూడే అండాలు, నిలిచిన పిండం లేదు. అండాల నిల్వను సూచించే ఏ.ఎం.హెచ్. నలభై దాటినవాళ్లలో ఉన్నట్టుంది. ఫైలులో పొగ అలవాటు దగ్గర ‘లేదు’ అని రాసి ఉంది.

నోరు తెరవమన్నాను. అంగిలి తెల్లగా మందమై, మధ్యలో ఎర్రటి చుక్కలు. విజయనగరంలో పనిచేసే డాక్టరుకు అది కొత్త కాదు. అత్తగారిని బయట కూర్చోమని చెప్పి, మెల్లగా అడిగాను.

“సిగరెట్లేటీ తాగను డాక్టరమ్మా. సుట్టే. మాయమ్మా, మాయప్పా అందరూ తాగీవోళ్లే,” అంది తల దించుకుని.

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. నిప్పు గాలికి ఆరదని, నాట్లు వేస్తున్నా చేతికి అడ్డం రాదని, పంటినొప్పి తగ్గుతుందని చెబుతారు. చదువుకున్న ఆడపిల్లల్లో ఇది బాగా తగ్గింది. కూలిపనులకు వెళ్లే ఇళ్లలో ఇంకా కనిపిస్తూనే ఉంది. పిండ్‌బోర్గ్, మెహతాల బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించింది. అడ్డపొగ అంగిలికి చేసే హాని అందులో వివరంగా నమోదైంది. అదే పొగ అండాశయాన్ని ఏం చేస్తుందో మాత్రం మన పల్లెల్లో ఆడవాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాలన్నీ తయారై ఉంటాయి. తర్వాత కొత్తవి పుట్టవు. పొగలోని విషాలు ఆ నిల్వను తొందరగా కరిగిస్తాయి. పొగతాగే స్త్రీలకు ముట్లుడగడం సగటున ఒకటి నుంచి నాలుగేళ్లు ముందే వస్తుంది. నికోటిన్ విరిగి ఏర్పడే కొటినిన్‌ను అండం చుట్టూ ఉండే ద్రవంలోనే కనుగొన్నారు. అండాన్ని నడిపించే ట్యూబుల కదలిక కూడా మందగిస్తుంది, అందుకే ట్యూబులో గర్భం నిలిచే ప్రమాదం వీళ్లకు ఎక్కువ. గర్భస్రావాలూ ఎక్కువే. పొగతాగేవాళ్లకు గర్భం రావడానికి దాదాపు రెట్టింపు ఐ.వి.ఎఫ్. ప్రయత్నాలు కావాల్సి వస్తుందని వైద్యుల అంచనా. ఇవన్నీ ఎక్కువగా సిగరెట్ తాగే స్త్రీలను గమనించి తేల్చినవి. కానీ చుట్టలో ఉన్నదీ పొగాకే. దాని నికోటిన్ ఊపిరితిత్తుల దాకా వెళ్లనక్కర్లేదు, నోటి పొర నుంచే రక్తంలోకి దిగుతుంది.

ఇంకో జంట గుర్తొస్తోంది. ఆమె ఎప్పుడూ పొగ తాగలేదు. ఒకటే గది ఇల్లు, భర్త రోజుకు రెండు కట్టల బీడీలు. ఊరంతా ఆమెనే గొడ్రాలంది. పరీక్షిస్తే అతని వీర్యకణాలు తక్కువగా, మందకొడిగా ఉన్నాయి. పక్కవాళ్ల పొగ పీల్చే స్త్రీలలోనూ ఐ.వి.ఎఫ్. ఫలితాలు తగ్గుతాయి. అతని పొగకు ఇద్దరూ నష్టపోతుంటే నింద మాత్రం ఆమెకు పడింది. దీనికి నాకు ఇప్పటికీ కోపమే.

గజపతినగరం అమ్మాయి చుట్ట మానేసింది. మొదటి రెండు వారాలు చాలా కష్టపడింది. పోయిన అండాలు తిరిగి రావని ఆమెకు దాచకుండానే చెప్పాను. అయితే అండం పక్వానికి వచ్చే చివరి దశకు సుమారు మూడు నెలలు పడుతుంది, కొత్త వీర్యకణాలు తయారవడానికీ దాదాపు అంతే. అందుకే మూడు నెలలు ఆగి మళ్లీ ప్రయత్నించమన్నాను. రెండోసారీ గర్భం నిలవలేదు. అంగిలి తెలుపు మాత్రం బాగా పలచబడింది. పెళ్లి కావాల్సిన చెల్లెలిని తనే వెంటబెట్టుకుని వచ్చి, దానిచేతా మాన్పించమని అడిగింది.

పిల్లల కోసం అప్పు చేసి చికిత్సకు బయలుదేరే దంపతులకు నా మనవి: మొదటి ఇంజెక్షన్‌కు కనీసం మూడు నెలల ముందే ఇద్దరూ పొగ మానండి. అత్తగార్లూ, ఇంట్లో చుట్ట వెలిగించకండి. డాక్టరు అడిగితే సిగ్గుపడి దాచకండి, అడగకపోతే మీరే చెప్పండి. మానడం కష్టమైతే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి. ఆ ఫోనుకు డబ్బు పడదు.