మా కొలువులో కొత్త పూజారిణి

దసరా సంచికకి ఏదైనా రాయమని మన సంపాదకవర్గం వారు ఫోను చేసినప్పుడు, వారి మనసులో బొమ్మల కొలువు గురించో, పులిహోర కొలతల గురించో ఉండి ఉంటుంది. పులిహోర సంగతి నాకంటే బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఈసారి మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక అమ్మవారి గురించి చెబుతాను. ఆవిడ పేరు లోల్త్. ఆవిడకి గుళ్ళున్నాయి, పూజారిణులున్నారు, బలులున్నాయి. ఒక్క ఆవిడే లేదు. అంతా కల్పన.

పోయిన వేసవిలో మా మనవరాలు రెండు వారాలు మా ఇంట్లో ఉండడానికి వచ్చింది. పధ్నాలుగేళ్ళ పిల్ల. సూట్‌కేసులో బట్టలకంటే పుస్తకాలే ఎక్కువ. ఓ సాయంత్రం వంటింటి బల్ల మీద రంగురంగుల పాచికలు పరుచుకుని, "నానమ్మా, నేను పూజారిణిని తెలుసా?" అంది. నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి నా వంశంలో ఒకరికి భక్తి పుట్టిందనుకుని, "ఏ దేవుడికమ్మా?" అన్నాను. "దేవుడు కాదు, దేవత. చీకటి లోకంలో ఉంటారు వాళ్ళంతా" అంది. నా ఆనందం అక్కడితో ఆగిపోయింది.

అది డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట. ఈ దేశంలోనే, విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాలో పుట్టింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 1974లో తెచ్చారు. దీనికి గళ్ళ పలక తప్పనిసరి కాదు. ఒకరు సూత్రధారిలా కథ నడుపుతుంటే, తక్కినవాళ్ళు తలా ఒక పాత్రయి మాట్లాడతారు. ఏదైనా సాహసం చేస్తే ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మన వైకుంఠపాళికీ వీధి నాటకానికీ పెళ్ళి చేస్తే ఇలాగే ఉంటుందనిపించింది.

ఆ లోకంలో భూగర్భాన డ్రౌ అనే నల్లని జాతి ఉంటుంది. 1978లో గైగాక్స్ రాసిన కథల్లో మొదట కనిపించింది. తరువాత ఆర్.ఎ. సాల్వటోరి అనే రచయిత 1990లో 'హోమ్‌లాండ్' అనే నవలలో వాళ్ళ నగరాన్ని కళ్ళకు కట్టాడు. నగరం పేరు మెంజోబెరాంజన్. ఇరవై వేల జనాభా. సూర్యుడు లేడు కనక, ఒక పెద్ద రాతి స్తంభానికి మంత్రంతో వేడి పుట్టించి, అది పైకి ఎగబాకడాన్ని బట్టి పొద్దు లెక్కపెట్టుకుంటారు. అక్కడ రాజ్యమంతా ఆడవాళ్ళదే. ప్రతి వంశానికీ ఒక తల్లి పెద్ద. ఆమెను మేట్రన్ మదర్ అంటారు. మొదటి ఎనిమిది వంశాల తల్లులు కూర్చుని నగరాన్ని ఏలతారు. సాలీడు రాణి లోల్త్‌కి పూజ చేసే హక్కు ఆడవాళ్ళకే. మగపిల్లలు కత్తి పట్టాలి, లేదా మంత్రాలు నేర్చుకోవాలి. యోధుడికి పదేళ్ళ చదువు, మాంత్రికుడికి ముప్ఫై, పూజారిణికి యాభై! ఆ పాఠశాల కట్టడం కూడా సాలీడు ఆకారంలోనే ఉంటుంది.

మీతో నిజం చెప్పాలి. ఇంతవరకూ వినేసరికి నాకు మహా ముచ్చటేసింది. "బాగుందే! ఆడవాళ్ళ మాట చెల్లే ఊరు ఒకటైనా ఉంది, కథలోనైనా" అన్నాను. పిల్ల నావైపు జాలిగా చూసి, "నానమ్మా, ముందు ఈ పుస్తకం చదువు" అని ఆ నవల చేతిలో పెట్టింది.

అట్ట చూడగానే గుర్తుపట్టాను. ఈ పుస్తకం ఒకప్పుడు మా ఇంట్లో ఉండేది.

1992లో మావాడికి పదహారేళ్ళు. ఇరుగుపొరుగు పచ్చిక కోసి సంపాదించిన డబ్బుతో ఒక పెట్టె కొనుక్కున్నాడు. అందులో మెంజోబెరాంజన్ పటాలు, పుస్తకాలు. శనివారాలు ముగ్గురు స్నేహితులతో బేస్‌మెంటులో దూరితే అన్నానికి కూడా పైకి వచ్చేవాడు కాదు. ఆ ఆట పిల్లల్ని పాడుచేస్తుందని అప్పట్లో టీవీలో, చర్చిల్లో, పక్కింటి వాకిట్లో చెప్పుకునేవారు. దానికి తోడు మావాడికి కెమిస్ట్రీలో బి వచ్చింది. నేను మరేమీ ఆలోచించలేదు. వాడు స్కూల్లో ఉండగా ఆ పెట్టె, పుస్తకాలు గరాజ్ సేల్‌లో పెట్టి మూడు డాలర్లకి ఇచ్చేశాను. సాయంత్రం వాడు వచ్చి అడిగితే, "నాకు ఎదురు చెప్పకు, తల దించు" అన్నాను. వాడు తల దించాడు. ఆ దించిన తల తరువాత నా ముందు సరిగ్గా ఎత్తలేదు. 1996లో మెడిసిన్‌కి వెళ్ళనని, చరిత్ర చదివి బడిపంతులు అవుతానని అన్నాడు. ఇంట్లో జరిగిన రభస ఇక్కడ రాయను. రెండేళ్ళు మా మధ్య మాటల్లేవు. తరువాత కలిశాం, పెళ్ళి చేశాం, మనవరాలు పుట్టింది. కానీ ఆ పెట్టె గురించి ఎవ్వరం ఎత్తలేదు.

ఇప్పుడు డెబ్భై దాటాక కళ్ళజోడు పెట్టుకుని ఆ నవల చదివాను. కథ మొదట్లోనే మాలిస్ అనే తల్లి మూడో కొడుకుని కంటుంది. బతికున్న మగపిల్లల్లో మూడోవాణ్ణి లోల్త్‌కి బలి ఇవ్వడం ఆచారం. పురిటి మంచం దగ్గరే కత్తి సిద్ధంగా ఉంటుంది. సరిగ్గా ఆ రాత్రే రెండో కొడుకు మొదటివాణ్ణి పొడిచి చంపడంతో లెక్క మారి, పసివాడు బతికిపోతాడు. వాడే డ్రిజ్ట్. ఆ పిల్లవాడికి నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి, ఆడవాళ్ళ ముఖంలోకి చూడకూడదు, చూపు నేలమీదే ఉండాలి. అక్కడ పుస్తకం మూసి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఆ రాత్రే మాలిస్ మనుషులు ఇంకో వంశాన్ని సమూలంగా నాశనం చేస్తారు. ఎందుకూ? పదో స్థానం నుంచి తొమ్మిదో స్థానానికి ఎక్కడానికి. ఒక్క మెట్టు! నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది. మన పాట్‌లక్కుల్లో "మీ అబ్బాయికి ఏ యూనివర్సిటీలో వచ్చిందండీ?" అని అడిగినప్పుడల్లా నేను ఎక్కుతున్నదీ జారుతున్నదీ ఏ మెట్టు? మేము కత్తులు పట్టలేదు నిజమే. మార్కుల కాగితాలు పట్టుకున్నాం.

ఇంకొకటి గమనించాను. అంత అధికారం ఉన్న ఆ తల్లులకి క్షణం నిద్ర లేదు. లోల్త్ అనుగ్రహం ఎప్పుడు తప్పుతుందో తెలియదు. తప్పితే వంశమంతా పోతుంది. దేవి పెట్టిన పరీక్షలో ఓడిన వాళ్ళని సగం మనిషి, సగం సాలీడుగా మార్చి తరిమేస్తారు. మా ఊరి పోలేరమ్మకీ కోపం వచ్చేది. అయితే జాతర అయ్యాక ఆవిడ మళ్ళీ అమ్మే. పిల్లలకి జ్వరం వస్తే ఆవిడకే మొక్కేవాళ్ళం. లోల్త్‌కి కోపం ఉంది గానీ చల్లబడడం లేదు. భయపడే తల్లి భయపెడుతుంది, అంతే. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నాకున్నదీ భయమే. చేతిలో చదువు లేకపోతే వీడు ఇక్కడ ఏమైపోతాడోనని. దాన్నే నేను క్రమశిక్షణ అనుకున్నాను.

"మరి నువ్వు ఈ రాక్షసికా పూజారిణివి?" అని మనవరాల్ని అడిగాను. "ఛ, నేను ఐలిస్ట్రే పూజారిణిని" అంది. ఆవిడ లోల్త్ కూతురేనట. ఏ తప్పూ చేయకపోయినా, డ్రౌలని వెలివేసినప్పుడు, వీళ్ళకి ఎవరో ఒకరు తోడుండాలి కదా అని తానూ వెలిని ఎంచుకుందట. ఆవిడ పూజారిణులు వెన్నెల్లో కత్తులు పట్టి నాట్యం చేస్తారు, పాడతారు, దారి తప్పిన వాళ్ళని ఆదుకుంటారు. తల్లి పాలన నచ్చక కూతురు వేరే గుడి కట్టుకుంది, తన వాళ్ళని మాత్రం వదల్లేదు. నాకు మావాడు గుర్తొచ్చాడు.

ఆ రాత్రి ఫోను చేశాను. "ఏరా, హోమ్‌లాండ్ చదివాను" అన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. "నన్ను మాలిస్ అనుకున్నావా అప్పట్లో?" అని అడిగాను. వాడు అబద్ధం చెప్పలేదు. "కొన్నాళ్ళు అనుకున్నాను అమ్మా" అన్నాడు. ఆ పెట్టె అమ్మేయడం తప్పే నాన్నా అన్నాను. ఆ మాట చెప్పడానికి ముప్ఫై ఏళ్ళు పైన పట్టింది. వాడు గొంతు సవరించుకుని, "దాని తరువాత ఇంకా రెండు భాగాలున్నాయి. పంపించనా?" అన్నాడు. పంపించమన్నాను.

ఈసారి మా బొమ్మల కొలువుకి కొడుకూ కోడలూ పిల్లా వచ్చారు. అన్నిటికన్నా కింది మెట్టు మీద, కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన, బొటనవేలంత బొమ్మ ఒకటి నిలబెట్టింది మనవరాలు. నల్లని ముఖం, వెండి జుట్టు, చేతిలో కత్తి. రంగులు తనే వేసిందట. పేరంటానికి వచ్చినవాళ్ళు "ఈవిడ ఎవరండీ?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మావాడే ముందుకొచ్చి, తల ఎత్తి, ఆ కథంతా మొదటినుంచీ చెప్పాడు. బడిపంతులు కదా, బాగా చెబుతాడు. నేను శనగలు పంచడం ఆపి విన్నాను.

మీ బేస్‌మెంటులో కూడా ఇలాంటి పెట్టె ఏదైనా ఉంటే, పారేసే ముందు ఒకసారి పిల్లల పక్కన కూర్చుని అందులో ఏముందో అడగండి. అందరికీ విజయదశమి శుభాకాంక్షలు.