హనుమాన్ గేమూ, మా తాత చెప్పిన ఎలుగుబంటీ



ఈసారి స్కాలర్‌షిప్ గురించి కాదు, నోటిఫికేషన్ గురించీ కాదు. ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నా. కొంచెం పెద్దదైంది, మెస్ లైన్లో నిలబడ్డప్పుడు చదువుకోండి.

నేను కొవ్వూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నా. మాది పాపికొండల్లో కొండరెడ్ల ఊరు. మాది అని కాదు, ఉండేది అనాలేమో. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక ఊరు ఖాళీ చేసి కాలనీకి వచ్చేశాం. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే.

మొన్న దసరా ముందు మా క్లాస్‌మేట్ వాళ్ళింట్లో అటక దులపడానికి సాయం వెళ్ళా. ఇల్లు గోష్పాద రేవుకి దగ్గరే. అటక మీద బూజు పట్టిన అట్టపెట్టెలో వాళ్ళ అన్నయ్య ప్లేస్టేషన్ 2 దొరికింది. కొన్ని డిస్కులూ ఉన్నాయి. అందులో ఒకటి ‘హనుమాన్: బాయ్ వారియర్’. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు పాత టీవీకి గుచ్చి, డిస్కుని చొక్కా అంచుతో తుడిచి పెడితే ఆడింది!

తర్వాత ఫోన్లో వెతికితే తెలిసింది. ఆ గేమ్ చేసింది మన హైదరాబాద్‌లోనే. ఆరోనా టెక్నాలజీస్ అనే కంపెనీ చేస్తే సోనీ వాళ్ళు 2009లో విడుదల చేశారు. ప్లేస్టేషన్‌కి పూర్తిగా ఇండియాలోనే తయారైన మొదటి గేమ్ అని చెప్పుకున్నారు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. మా ఊరికి కరెంటు కూడా సరిగ్గా వచ్చేది కాదు.

నాకు ఎందుకంత ఆశ పుట్టిందో చెప్పాలి. ఆరో తరగతి పట్నం స్కూల్లో చదివా. అక్కడ రామాయణం నాటకం వేశారు. రాముడు, లక్ష్మణుడు ఎవరో ముందే అయిపోయింది. కొండ నుంచి వచ్చిన మమ్మల్ని నలుగుర్నీ కోతిమూకలో నిలబెట్టి, ఒక సారు “వీళ్ళకి మేకప్ ఖర్చు లేదు” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఇంటికెళ్ళాక అమ్మకి చెప్పలేదు.

అందుకే ఆ గేమ్ కవరు చూడగానే అనిపించింది, ఇందులో కోతి మూకలో ఒకడు కాదు, కథంతా వాడిదే అని. చెట్టెక్కడం, దూకడం, అడవి తెలియడం ఇక్కడ నవ్వే విషయం కాదు, బలం. ఎదురుగా రాక్షసులు, చేతిలో గద. ఇంతకంటే మంచి కథ ఏ దేశంవాడికి దొరుకుతుంది చెప్పండి?

గంటన్నర ఆడా. మొదటి పావుగంట నేనే సరిగ్గా ఆడట్లేదనుకున్నా. ఎగిరితే అంచు అందదు. కెమెరా మనం చూడాల్సిన వైపు తిప్పి ఇంకోవైపు చూస్తుంది. ఎదురు వచ్చినవాణ్ణి గదతో కొట్టు, కొట్టు, పడిపోతాడు. తర్వాతవాణ్ణీ అంతే. గద తగిలినట్టు చేతికి తెలియదు, వాడికి తగిలినట్టు కంటికి తెలియదు. మా క్లాస్‌మేట్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అప్పట్లో రివ్యూలు కూడా దారుణంగానే వచ్చాయట. అమెరికాలో రాజన్ జెడ్ అనే ఆయన, దేవుణ్ణి జాయ్‌స్టిక్‌తో ఆడించడం అవమానమని గేమ్ వెనక్కి తీసుకోమన్నాడు. నా బాధ అది కాదు. జాయ్‌స్టిక్‌తో ఆడినా హనుమంతుడిలా అనిపించకపోవడం నా బాధ.

పాత మెషీన్ కదా అంతే వస్తుంది అనుకుందామంటే, అదే పెట్టెలో ‘షాడో ఆఫ్ ద కలోసస్’ డిస్క్ ఉంది. జపాన్ వాళ్ళది, 2005లో వచ్చింది, అదే ప్లేస్టేషన్ 2. అందులో కొట్టాల్సినవి మొత్తం పదహారే. ఒక్కోటి కొండంత. గుర్రం మీద పోయి, కత్తి వెలుగు ఎటు చూపిస్తే అటు వెతుక్కోవాలి. దాని ఒంటిమీద బొచ్చు పట్టుకుని ఎక్కాలి, పట్టు జారేలోపు ఎక్కడ పొడవాలో కనిపెట్టాలి. మొదటిదాన్ని పడగొట్టేసరికి నా అరచేతులు తడిసిపోయాయి.

ఆ రాత్రి హాస్టల్ మేడ మీద పడుకుని మా తాత గుర్తొచ్చాడు. ఇప్పపూల కాలంలో తెల్లారకముందే పూలు ఏరడానికి పోయేవాడు. ఎలుగుబంటి కూడా ఆ పూల కోసమే వస్తుంది. ఒకసారి చెట్టుకి అటువైపు అది, ఇటువైపు ఈయన. “దానికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. గాలి దాని వైపు నుంచి నా వైపు వీస్తోంది, అందుకని బతికాను” అంటాడు. పరిగెత్తలేదు, గొడ్డలి ఎత్తలేదు. అడుగు తర్వాత అడుగు వెనక్కి వేశాడు. ఈ కథ చెప్పడానికి ఆయనకి అరగంట పడుతుంది, వింటూ మేం ఉచ్చకి కూడా లేచేవాళ్ళం కాదు. ఒక్క దెబ్బ లేదు అందులో!

హనుమాన్ గేమ్‌లో లేనిది అదే. రాక్షసుడి గురించి మనం ఏమీ తెలుసుకోనక్కర్లేదు. వాడికి చూపు తక్కువా, వాసన ఎక్కువా, దేనికోసం అక్కడికి వచ్చాడు, ఏదీ అక్కర్లేదు. అలాంటప్పుడు భయం ఎక్కడిది?

కానీ మా క్లాస్‌మేట్‌లా నవ్వలేకపోయాను. దానికి వేరే కారణం ఉంది. నేను డిగ్రీలో చేరినప్పుడు మా కాలనీ కుర్రాళ్ళు ఫ్లెక్సీ కట్టారు, మన ఊరి నుంచి మొదటి డిగ్రీ విద్యార్థి అని, నా ఫోటో వేసి. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఆ సంగతి ఫ్లెక్సీ మీద రాయరు కదా. సంక్రాంతికి పోయినప్పుడు అది ఇంకా వేలాడుతోంది, దాని కింద నుంచి నడవాలంటే తల వంచుకున్నా. ఆ గేమ్‌కి కూడా మొదటిది అనే ఫ్లెక్సీ కట్టారు, కింద ఉన్నది మాత్రం ఫెయిలైన పేపరు.

మొదటిది కాబట్టి బాగుందని అనలేను. నా మార్కుల గురించి అలా ఎవరైనా అంటే నాకే కోపం వస్తుంది. బాలేదు, అంతే. కాకపోతే ఆ చేసినవాళ్ళలో ఒకడు ఆ కెమెరా ఎందుకు తిరగట్లేదో తెలియక రాత్రంతా కూర్చుని ఉంటాడని మాత్రం నాకు తెలుసు. సి ప్రోగ్రామ్ ల్యాబ్‌లో నేనూ అలాగే కూర్చున్నా. పదకొండేళ్ళకి, 2020లో, పుణేలో నోడింగ్ హెడ్స్ వాళ్ళు ‘రాజీ’ అనే గేమ్ చేశారు. ఒక అమ్మాయి తమ్ముడి కోసం రాక్షసులతో పోరాడుతుంది. యూట్యూబ్‌లో చూశా. చూడ్డానికి కళ్ళు చెదురుతాయి, చివర మాత్రం కథ మధ్యలో తెగ్గొట్టినట్టుంటుంది. అయినా ఎంత దూరం వచ్చారో!

పోయిన రెండు సబ్జెక్టుల్లో ఒకటి రాసేశా, ఇంకోటి ఉంది. ల్యాబ్‌లో ఖాళీ దొరికినప్పుడు గోడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక ఎలుగుబంటిని చేస్తున్నా. ఇప్పటికి అది నల్ల డబ్బాలా ఉంది. గాలి ఎటు వీస్తే అటు వాసన పోయేలా మాత్రం చేయగలిగా. తాతకి ఫోన్లో చెప్తే, “మరి దానికి పిల్లలున్నాయా? పిల్లలుంటే వేరేగా ఉంటది” అన్నాడు. అది నేను ఆలోచించలేదు.

ఇంకో సందేహం. ఎలుగు రెండు కాళ్ళ మీద లేచిందంటే అది వాసన పట్టడానికే అని తాత అంటాడు. మీద పడటానికే అని మా మేనమామ అంటాడు. బుట్టాయగూడెం, రంపచోడవరం, చింతూరు వైపు వాళ్ళు మీ తాతల్నీ అమ్మమ్మల్నీ అడిగి చెప్పండి. ఎవరు చూశారో, ఏ కాలంలో చూశారో కూడా రాయండి.