బోర్డు మీద పేరు

మా కంచిలికి మొదటిసారి రైల్లో వచ్చే చుట్టాలకి ముందుగానే ఓ మాట చెప్పి ఉంచాలి. "కంచిలి అన్న బోర్డు కోసం కిటికీలోంచి చూస్తూ కూర్చోకండి. సోంపేట అని కనబడగానే దిగిపోండి" అని. స్టేషను ఉన్నది మా ఊళ్లో, బోర్డు మీద పేరు పక్కనున్న సోంపేటది! రైలు కూతకి అర్ధరాత్రి నిద్ర చెడేది మాకు, పేరు వాళ్లకి. సోంపేట వాళ్ల మీద నాకేం కోపం లేదు లెండి. చిన్నప్పట్నించీ అలవాటైపోయింది. అలవాటైపోవడమే తప్పేమోనని మొన్న సంక్రాంతికి అనిపించింది.

మా మేనకోడలు హైదరాబాదులో ఓ కంపెనీలో పనిచేస్తోంది. ఖాతాదారుల ఫిర్యాదులు చూసే విభాగం. ఒకే ఫిర్యాదు పది మంది దగ్గర్నించి వస్తే, పది మంది ఉద్యోగులు విడివిడిగా తలలు పట్టుకుని జవాబు వెతికేవారట. ఇది మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని, ఒకసారి దొరికిన జవాబు మళ్లీ వెతుక్కోనక్కర్లేని పద్ధతి ఒకటి తయారు చేసింది. ఎవరూ చెయ్యమనలేదు, తనకే తోచింది.

"దీని గురించి అందరికీ చెప్పనా అత్తా?" అని ఫోను చేసింది. నాకు పెద్దరికం పొంగుకొచ్చింది. "మల్లెపూవు చాటింపు వేసుకుంటుందా? మంచిపని ఎక్కడున్నా దానంతటదే కనబడుతుంది" అన్నాను.

కనబడింది, పై అధికారికి. ఆయన పెద్ద మీటింగులో అది తన ఆలోచనేనని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. వెనక వరసలో కూర్చుని ఇదీ చప్పట్లు కొట్టిందట.

పండక్కి వచ్చి ఆ సంగతి చెబుతూంటే నాకు ముద్ద దిగలేదు. సలహా నాదే కదా! పైగా నవల అట్ట మీద నా పేరు కాస్త చిన్న అక్షరాల్లో పడితే ప్రచురణకర్తకి ఫోను చేసే మనిషిని. 1970లలో వారపత్రికల్లో రచయిత్రులకి ఎంత గిరాకీ అంటే, కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పేరు విలువ ఇంత తెలిసినదాన్ని, మేనకోడలికి మాత్రం మల్లెపూల నీతి చెప్పాను.

"ఎవరి బ్రాండు వాళ్లే తయారు చేసుకోవాలంటున్నారత్తా ఇప్పుడు" అంది.

"బ్రాండా? నువ్వేమైనా సబ్బుబిళ్లవా?" అన్నాను అలవాటుకొద్దీ.

అంట్లు తోముతున్న పెద్దామె చెయ్యి ఆపింది. ఆవిడ ఒకప్పుడు పలాసలో జీడిపిక్కలు ఒలిచిన మనిషి. జీడి రసానికి కాలిన మచ్చలు వేళ్ల మీద ఇంకా ఉన్నాయి. "పలాస పప్పని దేశమంతా అంటాది గదమ్మా. డబ్బా మీద నంబరు కూడా ఏస్తారు. ఒలిసినోల్ల పేరు ఎవలేస్తారు? మనవే సెప్పుకోవాల" అంది.

ఆ నంబరు సంగతి నిజమే. 180 అని ఉంటే పౌనుకి 180కి మించకుండా తూగే పెద్ద గుళ్లు. 320 అంటే చిన్నవి. పప్పుకి అంత లెక్క ఉంది. ఆ చేతులకే లేదు.

"మరి చెప్పుకుంటే గొప్పలు పోతున్నానని అనరా?" అంది పిల్ల.

అప్పుడు ఇద్దరి సంగతి చెప్పాను. విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ ఢిల్లీ ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగు చదివి, 1984లో అమెరికాలో మోటరోలాలో ఇంజనీరుగా చేరారు. 2003లో ఆ కంపెనీకే ముఖ్య సాంకేతికాధికారి అయ్యారు. అంటే కంపెనీ రేపు ఏ కొత్తదారి తొక్కాలో చూసే కుర్చీ అన్నమాట. తరవాత సిస్కోలోనూ అదే హోదా. ట్విట్టర్లో లక్షలమంది చదివేలా తన అభిప్రాయాలు తన పేరుతోనే రాశారు. సొంత కంపెనీ పెట్టింది ఇవన్నీ అయ్యాకనే. పరాయి కంపెనీల్లో పనిచేసినన్నాళ్లూ తన పేరు తనకి ఉంది.

రెండో ఆయన స్పెన్సర్ సిల్వర్. త్రీఎమ్ కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడు. 1968లో ఓ జిగురు కనిపెట్టాడు. అంటుకుంటుంది, లాగితే ఊడొస్తుంది. గట్టిగా పట్టని జిగురు ఎవడిక్కావాలి? ఆయన మాత్రం ఏళ్ల తరబడి ఆఫీసులో వినేవాళ్లందరికీ దాని గురించి చెబుతూనే ఉన్నాడు. అలా విన్న ఆర్ట్ ఫ్రై అనే తోటి ఉద్యోగికి, చర్చి పాటల పుస్తకంలోంచి గుర్తు కాగితాలు జారిపోకుండా ఇది పనికొస్తుందని 1974లో తట్టింది. 1980కి ఆ చీటీలు అమెరికా అంతా అమ్మకానికొచ్చాయి. మనం ఫ్రిజ్ తలుపుకి అంటించి పాల లెక్క రాసుకునే పసుపుపచ్చ చీటీలు అవే! సిల్వర్ మొహమాటపడి ఊరుకుని ఉంటే ఆ జిగురు సీసాలోనే ఎండిపోయేది.

పిల్ల ఏమీ అనలేదు. భోగి మంట ఆరకముందే కూర్చుని, ఆ పద్ధతి గురించి నాలుగు పేజీలు రాసింది. ఎలా తట్టింది, ఎన్నిసార్లు తప్పింది, ఎలా కుదిరింది, అన్నీ తేదీలతో సహా. అధికారిని నిందిస్తూ ఒక్క మాట లేదు. కింద తన పేరు.

"రాత్రిళ్లు ఒక్కదానివే కూర్చున్నావా?" అన్నాను ఊరికే.

గతుక్కుమంది. పాత ఫిర్యాదులన్నీ ఏరి, వరసగా పేర్చి ఇచ్చింది కొత్తగా చేరిన ఓ చిన్నపిల్లట. "అది నా కిందే కదత్తా పనిచేసేది..." అంటూ ఆగిపోయింది. ఆ అధికారీ బహుశా ఈ మాటే అనుకుని ఉంటాడు. నేను పైకి అనలేదు, తనకే తెలిసింది. కలం తీసుకుని తన పేరు పక్కన ఆ పిల్ల పేరూ రాసింది.

ఆ ఏడు దానికి ప్రమోషను రాలేదు. అబద్ధమెందుకూ? కానీ కొన్ని నెలలకి, ఇంకో విభాగం వాళ్లు తమకీ అలాంటిది చేసిపెట్టమని ఇద్దరినీ పేర్లు పెట్టి మరీ అడిగారు.

దసరాకి మళ్లీ వచ్చింది. టిక్కెట్టు మీద సోంపేట అనే ఉంది, ఉండక తప్పదు. ప్లాట్‌ఫారం మీంచి మాత్రం గొంతెత్తి చెప్పింది ఫోనులో:

"కంచిలిలో దిగానత్తా!"