ఆపదలో పడేది ఎవరి ఇల్లు?

ఆఫీసు నుంచి వచ్చాక బుర్ర పనిచెయ్యని రాత్రుళ్ళు నేను చూసేవి డొమెస్టిక్ థ్రిల్లర్లే. చక్కటి ఇల్లు, అన్యోన్యమైన జంట, మధ్యలో ఎవరో దూరతారు. 1987 నాటి 'ఫేటల్ అట్రాక్షన్' వరసే అది. హాలీవుడ్‌లో ఆ చక్కటి ఇల్లు చాలాకాలం ఎక్కువగా తెల్లవాళ్ళదే.

2009లో 'అబ్సెస్డ్' వచ్చింది. పెద్దుద్యోగం, కొత్తిల్లు, పసిబిడ్డ... ఇవన్నీ ఉన్న జంట ఇద్రిస్ ఎల్బా, బియాన్సే. వాళ్ళ కాపురం మీద పడేది తెల్లజాతి అమ్మాయి. 20 మిలియన్ డాలర్లతో తీస్తే, మొదటి వారాంతంలోనే 28 మిలియన్లు దాటాయి. తర్వాత 'నో గుడ్ డీడ్' (2014), 'ద పర్ఫెక్ట్ గై' (2015) కూడా నంబర్ వన్‌గానే మొదలయ్యాయి. విమర్శకులు మూడింటినీ ఉతికి ఆరేశారు. కథలు పాతచింతకాయ పచ్చడే, కాదనను.

కానీ ఒకటి గమనించారా? ఆఖరి రెండిట్లో నాయికా నల్లజాతే, విలనూ నల్లజాతే. అందుకే ఆ దుర్మార్గం వాడొక్కడిదే అవుతుంది, జాతి మొత్తానికీ అంటుకోదు. సినిమా అంతటికీ ఒకే ఒక్క నల్లవాడుండి, వాడే విలనైతే ఆ సౌలభ్యం ఉండదు. ప్రాతినిధ్యం అంటే నాకర్థమైంది ఇదీ.

మరి మన సంగతి? మా అపార్టుమెంట్లో గొలుసు కనబడకపోతే మొదటి అనుమానం పనమ్మాయి మీదే. ఆమె ఇంట్లోకి ఎవరో చొరబడుతుంటే, ఆ తలుపు గడియ వంకే చూస్తూ మనం ఊపిరి బిగబట్టే తెలుగు థ్రిల్లర్ నేనింతవరకూ చూళ్ళేదు. పోగొట్టుకోవడానికి ఆమెకీ ఓ ఇల్లుంది కదండీ!

మీరు చూసుంటే పేరు చెప్పండి, ఈ శనివారమే చూసేస్తా.