బరువు ఎక్కడ పడుతోంది

లింగంపల్లి అండర్‌పాస్‌లో వాన నీళ్ళు నిలిచిన ఒక సాయంత్రం స్కూటీ జారింది. వెనక వస్తున్న లారీ చక్రం నా ఎడమ కాలి మీదుగా వెళ్ళింది. ఇన్‌ఫెక్షన్ పైకి పాకడంతో మోకాలి పైదాకా తీసేయక తప్పలేదు. ఆసుపత్రి రోజుల గురించి ఎక్కువ చెప్పను. నొప్పికి మందులిచ్చారు. నిలబడటానికి మందు లేదు. చెప్పాల్సింది ఆ సంగతే.

మనిషి ఒంటి బరువులో ఒక్కో కాలు దాదాపు ఆరో వంతు ఉంటుంది. నిటారుగా నిలబడినప్పుడు గరిమనాభి బొడ్డుకు కాస్త కింద, కటి లోపల, త్రికాస్థి రెండో పూసకు ముందు ఉంటుంది. అక్కడినుంచి నేలకు దించిన గీత రెండు పాదాలు ఆక్రమించిన జాగాలో పడినంతసేపూ మనిషి పడడు. నాకు ఎడమ పక్క బరువు తగ్గేసరికి ఆ బిందువు కొంచెం పైకి, కుడికి జరిగింది. కిందేమో ఒక్క పాదం వెడల్పే ఆసరా. ఒళ్ళు మాత్రం పాత లెక్కలోనే ఉంది. లేచిన ప్రతిసారీ ఎడమకు తూలేదాన్ని.

రాత్రుళ్ళు మరీ కష్టం. లేని పాదానికి చల్లగాలి తగిలేది, లేని వేళ్ళు ముడుచుకునేవి. ఒకనాడు నిద్రమత్తులో ఆ కాలే ముందు కింద పెట్టి లేచాను. కుట్లున్న కొస నేలకు కొట్టుకుంది. అమ్మ పరుగున వచ్చి, "నన్ను లేపకపోతివా బిడ్డా" అని ఏడ్చింది. ఆ తర్వాత చాలాకాలం నా మంచానికి ఎడమ పక్కనే చాప వేసుకుని పడుకుంది.

పరామర్శకు వచ్చినవాళ్ళు 'మయూరి' చూడమనేవాళ్ళు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూర్ పాదంతో మళ్ళీ నాట్యం చేశారు. తన కథలో తానే నటించిన ఆ సినిమా 1985లో వచ్చింది. ఆమె అంటే నాకెంతో గౌరవం. కానీ అప్పటికి నాకు కుర్చీలోంచి లేవడమే రాదు. వెన్ను వంచకుండా, పాదాలు వెనక్కి లాక్కోకుండా కుర్చీలోంచి లేవబోయి చూడండి. రెండు కాళ్ళున్నవాళ్ళూ లేవలేరు. బరువు ముందు పాదాల మీదికి రావాలి. చిన్నప్పటినుంచీ ఒళ్ళు తనంతట తాను చేసుకుపోయిన ఆ పనిని నేను మనసుపెట్టి, భయపడుతూ నేర్చుకున్నాను.

నేర్పిన ఫిజియోథెరపిస్టు నాకంటే చిన్నవాడు. కృత్రిమ కాలు అమర్చాక నన్ను రెండు కడ్డీల మధ్య నిలబెట్టి, ఒక్కో పాదం కింద ఒక్కో బరువు చూసే మిషన్ పెట్టాడు. కృత్రిమ కాలి కింద ముల్లు దాదాపు కదల్లేదు. "కిందికి చూడకండి అక్కా, తల వంగితే బరువు ముందుకు పోతది. గోడ చూడండి. నడుముని ఎడమకు తెండి" అనేవాడు. నడుము కదిపితే పడిపోతానని నా ఒళ్ళంతా ఎదురు తిరిగేది. చెమటతో కడ్డీలు జారేవి. రెండు ముళ్ళూ దగ్గర దగ్గరగా నిలిచిన రోజున అతనే చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత మోకాలి పాఠం. నాకు పెట్టిన మోకాలి కీలు సాదాది. బరువు గీత కీలుకు ముందుగా పడితే కాలు గట్టిగా నిలుస్తుంది, వెనకగా పడితే ఒక్కసారిగా మడుచుకుపోతుంది. ఈ ఒక్క సూత్రం మీదే నా నడక అంతా ఆధారపడింది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కృత్రిమ కాలు ముందు. చేతికర్ర కుడి చేతిలో, అంటే మంచి కాలి వైపు. ఐటీ కారిడార్‌లో అందరి వీపులకూ ఉండే లాప్‌టాప్ సంచి నా బరువును వెనక్కి లాగి, ఆఫీసు గేటు ముందే మోకాలిని మడిచేసింది. ఇప్పుడు దాన్ని ఛాతీకి తగిలించుకుంటాను. చూసేవాళ్ళను చూడనిస్తాను.

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి చందానగర్, హఫీజ్‌పేట దాటి హైటెక్ సిటీలో దిగుతాను. సీటు దొరక్కపోతే ఎడమ కిటికీకి ఎదురుగా, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాను. అలా నిలబడితే రైలు కుదుపు నా పక్కల నుంచి వస్తుంది, మోకాలు పక్కకు మడుచుకోదు. బ్రేకు వేసినప్పుడు బరువు రైలు ముందు వైపునున్న కుడికాలి మీద పడుతుంది. బండి కదిలేటప్పుడు మాత్రం కడ్డీ వదలను.

నన్ను ఇప్పటికీ ఓడించేవి ర్యాంపులు. పన్నెండు అడుగుల పొడవుకు అడుగు ఎత్తు మించకూడదన్నది మన దేశంలో నిర్మాణ ప్రమాణం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అయినా ఎన్నో భవనాల ముందు గచ్చును నిటారుగా దించేసి, పక్కన చక్రాల కుర్చీ బొమ్మ వేస్తారు. అలాంటి వాలు దిగేటప్పుడు బరువు గీత కీలు వెనక్కి పోతుంది, కాలు మడుచుకుంటుంది. పట్టుకోవడానికి కడ్డీ కూడా ఉండదు. అక్కడ నేను పక్కనున్న మెట్లే దిగుతాను. మేము పనిచేసే భవనం ర్యాంపును టేపుతో కొలిచి, పొడవూ ఎత్తూ రాసి మేనేజరుగారికి ఇచ్చాను. పగలగొట్టి మళ్ళీ కట్టాలని, రెండు పక్కలా కడ్డీలు పెట్టాలని అడుగుతూనే ఉన్నాను.