గింజకు ఏ మొక్కను వదులుదాం?

మా కొండల్లో ఒకప్పుడు ఆకుకూర విత్తనం కొన్న ఇల్లు లేదు. తొలకరికి పెరట్లో తోటకూర, గోంగూర చల్లుకుని వానకాలమంతా కోసుకునేవాళ్లం. ఇప్పుడు వారపు సంతలో పొట్లాలు కొంటున్నాం. ఎందుకని అడిగితే, "మన గింజ పాడైపోయింది మాష్టారూ, జానెడు ఎదగకుండానే పూతకొస్తోంది" అంటున్నారు. పిల్లలకు సైన్సు చెప్పే మేము ఈ మాట విని ఊరుకోలేకపోయాం. గింజ నిజంగా పాడైందా?

పూత ఎప్పుడు రావాలో మొక్క పగటి, రాత్రి పొడవును బట్టి తెలుసుకుంటుంది. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. మొక్క ముఖ్యంగా కొలిచేది రాత్రినే అని తర్వాత తేలింది. మా పాడేరు వైపు జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరులో 11 గంటలు. గోంగూర రాత్రి పెరిగితే పూసే మొక్క. అందుకే జూన్‌లో చల్లితే నిలువెత్తు పెరిగి చలి మొదలయ్యే వేళకు పూస్తుంది. అదే గింజను చలికాలంలో చల్లితే చిన్నగా ఉండగానే పూస్తుంది. అది గింజ తప్పు కాదు, అదను తప్పడం. మా బడి పక్కన వీధి దీపం వెలుగు పడే చోట గోంగూర మిగతా వాటికంటే ఆలస్యంగా పూయడం పిల్లలే మాకు చూపించారు.

రాత్రి పెరిగిందని తెలుసుకునేది ఆకు. పూసేది కొమ్మ చివర. మధ్యలో కబురు మోసేదేదో ఉందని 1930లలో చైలఖ్యాన్ అనే శాస్త్రవేత్త చెప్పి, దానికి ఫ్లోరిజన్ అని పేరు పెట్టారు. ఆ కబురు ఎఫ్‌టీ అనే జన్యువు తయారుచేసే ప్రోటీను అని 2007లో రుజువైంది. మనం పాలకూర అని తినేది చాలావరకు బీటు దుంప జాతిదే. ఆ జాతిలో ఇలాంటి జన్యువులు రెండున్నాయి. ఒకటి పూతను ఆపి ఉంచుతుంది, రెండోది తోస్తుంది. ఇలాంటి జన్యువుల్లో చిన్న తేడా ఉన్నా ఒక మొక్క ముందు పూస్తుంది, పక్కది ఆగుతుంది. ఆ తేడా గింజతో పాటు పిల్ల మొక్కకు వస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆకు బాగా వేసే మొక్కను మనం కోసి తినేస్తాం. తొందరగా వెన్ను వేసిన మొక్క కూరకు పనికిరాదు కాబట్టి గట్టున మిగులుతుంది. చివరకు దాని గింజే దులిపి దాస్తాం. ఏటా ఇలా చేస్తే తొందరగా పూసే గుణాన్నే మనం ఏరి పెంచినట్టు. నేల ఎండినా, ఎండ మండినా కూడా మొక్క ముందే పూయవచ్చు. ఆ తొందర గింజలోకి దిగదు. మడి అంతా ఒకేసారి పూస్తే కాలాన్ని చూడాలి. ఒకే మడిలో, ఒకే నేలలో నాలుగు మొక్కలే ముందు పూస్తే గింజను చూడాలి.

మా అవ్వలు జన్యువు అనే మాట వినలేదు. కానీ మడిలో బాగా ఆకు వేసిన మొక్కలకు గుడ్డ పేలిక కట్టి, "వీటిని కోయొద్దర్రా, ఇవి గింజకు" అనేవారు. ఆకలి రోజుల్లో కూడా ఆ మొక్కల మీద చెయ్యి పడేది కాదు. ఆ పేలికే మా మొదటి సైన్సు పాఠం. మేము హాస్టళ్లకు వెళ్లి చదువుకున్నాం, అవ్వలు పోయారు, పేలిక కట్టే చెయ్యి ఇంట్లో లేకుండా పోయింది. పాడైంది గింజ కాదు, ఆ అలవాటు.

తోటి ఉపాధ్యాయులకూ యువతకూ మా మనవి. బడి పెరట్లో తోటకూర ఒక మడి వేయండి. ఏ మొక్క ఏ రోజు పూసిందో పిల్లల చేత రాయించండి. ముందు పూసిన వాటిని పుప్పొడి రాలకముందే పీకేయండి. ఆలస్యంగా పూసిన, ఆకు మెండుగా వేసిన మొక్కలకు పేలిక కట్టి గింజకు వదలండి. ఒక్క మొక్కతో సరిపెట్టకండి, ఎన్ని వీలైతే అన్ని మొక్కల గింజ కలిపి దాచండి. వానలు ఎటు తిరిగినా తట్టుకునే మొక్క అందులో ఏదో ఒకటి ఉంటుంది. మూడు నాలుగేళ్లు ఇలా చేసి, మన గింజను సంత పొట్లం పక్కన చల్లి చూడండి. గింజ పాడైందో లేదో అప్పుడు పిల్లలే చెబుతారు.