బేస్‌మెంట్‌కి ముందు వెలుతురు, ఆ తర్వాతే సోఫా

వదినా, ఒక్క నిమిషం ఇలా కంచె దగ్గరికి వస్తారా? మీ బేస్‌మెంట్ పని మొదలవుతోందని మావారు రాత్రే చెప్పారు. స్కాండినేవియన్ పద్ధతిలో చేయిస్తున్నారటగా, నాకెంత సంతోషమైందో! స్వీడన్ నుంచీ నార్వే నుంచీ వచ్చినవాళ్లు లక్షల్లో స్థిరపడ్డ మిన్నెసోటాలో ఉంటూ ఆ ముచ్చట తీర్చుకోకపోతే ఎలా?

అయితే గ్యారేజీలో తెల్ల రంగు డబ్బాలు దించి ఉండటం చూశాను. వాటి మూతలు తీయకముందే మీ చెవిన వేద్దామని వచ్చాను. పైన మీ హాల్లో పెద్ద కిటికీ ఎదుట ఆ తెలుపు వెలిగిపోతుంది. కింద, సీలింగ్ దగ్గర ఉన్న చిన్న కిటికీలోంచి దిగే ఆ కాస్త వెలుగుకి అదే తెలుపు బూడిద పూసినట్టు ఉంటుంది. మీగడ రంగుకి దగ్గరగా, కాస్త పసుపు ఛాయ ఉన్న తెలుపు చూడండి. ఒక పెద్ద అట్టకి రంగు వేసి కింద గోడకి ఆనించి, పొద్దునొకసారి, రాత్రి దీపాల వెలుగులో ఒకసారి చూశాకే డబ్బా కొనండి.

అసలు ఆ దేశాలవాళ్లు ఇళ్లని అలా ఎందుకు తీర్చుకున్నారో ఆలోచించారా? మనకిక్కడ డిసెంబరు చివర్లో పగలు తొమ్మిది గంటలైనా ఉండదని బాధపడతాం. స్టాక్‌హోమ్‌లో ఆరు గంటలే! లేత రంగు గోడలు, లేత కర్ర, పలచటి పరదాలు, ఇవన్నీ ఆ ఆరు గంటల వెలుతురులో రవ్వంత కూడా వృథా పోకుండా పట్టుకోవడానికే. బేస్‌మెంట్‌కి ఏడాది పొడవునా డిసెంబరే కదా వదినా. అందుకే ఈ పద్ధతి పై అంతస్తు కంటే కింద గదికే ఎక్కువ అక్కరకొస్తుందంటాను.

దీపాల సంగతి మాత్రం మీరే దగ్గరుండి చూసుకోవాలి. కాంట్రాక్టర్లకి సీలింగ్ నిండా గుండ్రటి లైట్లు వరసగా బిగించడం అలవాటు. వాటి కింద కూర్చుంటే నేల ధగధగలాడుతుంది, మనుషుల కళ్ల కింద మాత్రం నీడలు పడతాయి. డెన్మార్క్‌లో పౌల్ హెనింగ్‌సెన్ అని ఒకాయన 1920ల నుంచీ దీపాల మీదే పనిచేశాడు. ఒకదాని కింద ఒకటిగా రేకులు అమర్చి, బల్బు కంటికి నేరుగా తగలకుండా, వెలుగు మెత్తగా పరుచుకునేలా చేశాడు. 1958లో ఆయన చేసిన పీహెచ్ 5 దీపం ఇప్పటికీ అమ్ముతున్నారు. అది ఖరీదు ఎక్కువే, అదే కొనాలని నేననను. కిటుకు తీసుకుంటే చాలు. సోఫా పక్కన ఒకటి, మూల ఒకటి, పుస్తకాల అర మీద ఒకటి, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో బల్బు కనిపించని దీపాలు పెట్టించండి. బల్బులన్నీ 2700 కెల్విన్‌వే తెమ్మనండి. ఒకటి పచ్చగా ఒకటి నీలంగా ఉంటే గది అతుకులబొంతలా ఉంటుంది. ప్లగ్ పాయింట్లు ఎక్కడ కావాలో గోడలు మూయకముందే చెప్పేయాలి సుమండీ.

తెలుపూ బూడిదా తప్ప ఇంకే రంగూ ఉండకూడదని మీ అమ్మాయి అంటోందా? పాపం, ఫొటోల్లో అలాగే చూపిస్తున్నారు మరి. స్వీడన్‌లో సుండ్‌బోర్న్ అనే ఊళ్లో కార్ల్ లార్షన్ అని చిత్రకారుడు ఉండేవాడు. సొంత ఇంటినే నీటి రంగుల్లో బొమ్మలుగా వేసి 1899లో పుస్తకం తెచ్చాడు. ఆ బొమ్మల్లో ఎరుపు, ఆకుపచ్చ ఎంత ధైర్యంగా ఉంటాయో! ఆ ఇంట్లో పరదాలూ దిండ్ల గలీబులూ ఆయన భార్య కారిన్ నేసి, కుట్టినవి. కొన్ని సామాన్లు కూడా ఆవిడే గీసి వడ్రంగితో చేయించింది. పేరు ఆయనకి వచ్చింది గానీ, నా మటుకు నాకు ఆ ఇల్లు కారిన్‌ది.

కాబట్టి మీ కొండపల్లి బొమ్మల్ని అట్టపెట్టెలోనే ఉంచేయకండి. తెల్ల పొణికి కర్రతో చేసినవి, లేత బర్చ్ కర్ర అర మీద పెడితే అక్కడే పుట్టినట్టు ఉంటాయి. సంక్రాంతికి బొమ్మల కొలువు ఎలాగూ కిందే పెడతారు కదా, ఒక గోడకి మెట్లలా కదిలే అరలు చేయించుకోండి, మిగతా రోజుల్లో పుస్తకాలకి పనికొస్తాయి. పోచంపల్లి దుప్పటి ఒకటి సోఫా మీద వేయండి, ఒక్కటే. కంటికి ఆగడానికి చోటుండాలి.

కూర్చోవడానికి పెద్ద పెద్ద రిక్లైనర్లు వద్దు వదినా, మీ సీలింగ్ ఎత్తు ఏడడుగులకి కాస్త పైన, అంతే. సామాను ఎంత తక్కువ ఎత్తులో ఉంటే గది అంత ఎత్తుగా అనిపిస్తుంది. ఫిన్లండ్‌ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో 1933లో బర్చ్ కర్రని వంచి స్టూలొకటి చేశాడు, మన ముక్కాలిపీటే అనుకోండి. ఒకదాని మీద ఒకటి పేర్చేయొచ్చు. భజనకో పుట్టినరోజుకో పదిమంది వచ్చినప్పుడు తీసి, మళ్లీ మూలకి పేర్చేసుకునే పీటలు మనవాళ్ల ఇళ్లకి ఎంత అవసరమో మీకు తెలియనిది కాదు.

ఇవన్నీ సరే, అసలు భయపడాల్సింది తేమకి. ఇక్కడ చలికి నేల గడ్డకట్టే లోతు దాటించి పునాది వేయాలి, మన వైపు 42 అంగుళాలు. ఎలాగూ అంత తవ్వాలి కనక ఇంకాస్త తవ్వి ఇల్లిల్లూ కింద ఒక గది తెచ్చుకుంది. అదంతా మట్టిలో ఉన్న గది. రెండడుగుల ప్లాస్టిక్ షీటుని కాంక్రీటు నేలకి నాలుగు వైపులా టేపు వేసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. అడుగున చెమర్చితే తడి నేలలోంచి వస్తోందన్నమాట, పైన చెమర్చితే గాలిలోది. నేలలోంచి వస్తుంటే ఓక్ పలకల ఆశ వదులుకోండి, లేత కర్ర రంగు వినైల్ పలకలు వేయించుకోవచ్చు. గాలిలోదైతే డీహ్యూమిడిఫయర్‌తో సరిపోతుంది, తేమ యాభై శాతం దాటకుండా చూసుకుంటే బూజు దరిచేరదు.

మీ అత్తగారూ మామగారూ వస్తే కిందే పడుకుంటారన్నారు కదా? అయితే ఆ గదికి మనిషి బయటికి రాగల కిటికీ ఉండి తీరాలి. తెరుచుకునే మేర 5.7 చదరపు అడుగులకి తగ్గకూడదు, కిటికీ అడుగంచు నేల నుంచి 44 అంగుళాలకి మించకూడదు. ఖర్చు ఎక్కువేనని వెనకాడకండి, అగ్గి పుడితే పెద్దవాళ్లకి అదే దారి. పైగా గదికి వెలుతురు తెచ్చేదీ అదే.

రాడాన్ పరీక్ష చేయించారా? రంగూ వాసనా లేని ఆ వాయువు మట్టిలోంచి వస్తుంది. ఈ రాష్ట్రంలో అయిదు ఇళ్లలో రెండింటికి ఎక్కువగా ఉందని ఆరోగ్య శాఖే చెబుతోంది. పొగ తాగనివాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చేవాటిలో మొదటిది అదే. లీటరుకి నాలుగు పికోక్యూరీలు వచ్చిందంటే నేల కిందినుంచి గొట్టం వేసి, ఫ్యానుతో కప్పు పైకి పంపించేయాలి. గోడలు మూసేశాక అంటే చేసిన పని విప్పాల్సి వస్తుంది, అందుకని కాంట్రాక్టర్‌ని కాస్త ఆగమనండి. మా దగ్గర ప్లాస్టిక్ షీటు మిగిలి ఉంది, సాయంత్రం మావాడితో పంపిస్తాను. రాడాన్ పరీక్ష కిట్టు మాత్రం ఈరోజే తెప్పించండి.